ధర దిగింది ఫ్యాషన్ వల్లా, అలసట వల్లా?

కొండ పైకి లిఫ్టులో వెళ్లి, రాళ్లు, చెట్ల వేర్లు, ఎత్తైన గట్లు నిండిన దారిలో సైకిలు మీద కిందికి దూసుకురావడమే డౌన్‌హిల్ మౌంటెన్ బైకింగ్. పైకి తొక్కే శ్రమ ఉండదు గానీ జేబుకు మాత్రం శ్రమే. కొత్త డౌన్‌హిల్ బైకు ధరకు మన దగ్గర రెండు మూడు మోటార్‌సైకిళ్లు వస్తాయి. అందుకే ఈ ఆటలోకి కొత్తగా దిగేవాళ్లు ముందు సెకండ్‌హ్యాండ్ ఫ్రేముల వైపు చూస్తారు. ఫ్రేము చవగ్గా దొరికితే మిగతా సామాను ఒక్కొక్కటిగా సమకూర్చుకోవచ్చని ఆశ. కెనడాలో విస్లర్, కాలిఫోర్నియాలో నార్త్‌స్టార్, కొలరాడోలో ట్రెసిల్ పేరున్న బైక్ పార్కులు. వాటికి వారాంతంలో కారులో వెళ్లిరాగల వాంకూవర్, సియాటిల్, శాన్‌హోజే, డెన్వర్ ప్రాంతాల్లో మనవాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఈ బేరం తెలుగు ఇళ్లలోనూ నడిచేదే. బేరానికి వెళ్లేవాడికి చుట్టుపక్కలవాళ్లు చెప్పే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి: పేరున్న కంపెనీది తీసుకో, కార్బన్ జోలికి పోకు, ఐదేళ్లు దాటినదాన్ని ముట్టుకోకు. అన్నిట్లోనూ కాస్తో కూస్తో నిజం లేకపోలేదు. అయితే ఇవేవీ అసలు అడగాల్సిన ప్రశ్న అడగవు.

ఆ ప్రశ్న ఇది: ఈ ఫ్రేము ధర ఎందుకు దిగింది? వాడిన ఫ్రేము విలువ పడిపోవడానికి ప్రధానంగా రెండు కారణాలు. ఒకటి ఫ్యాషన్. చక్రం సైజు మారింది, కొత్త మోడల్ వచ్చింది, పందెంలో గెలిచినవాడు వేరే బైకు నడిపాడు, అంతే, నిన్నటిదాకా కళ్లకద్దుకున్న ఫ్రేము ఇవాళ షెడ్డు మూలకు చేరుతుంది. రెండోది లోహపు అలసట. ఫ్రేము తన ఆయుష్షులో కొంతభాగం దెబ్బలు తినడానికి ఖర్చు పెట్టేసింది, ఇక మిగిలింది ఎంతో ఎవరికీ తెలియదు. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మార్కెట్టు మాత్రం రెంటినీ ‘పాతది’ అనే ఒక్క మాట కింద కట్టేసి ధర చెబుతుంది. తక్కువ డబ్బుతో గట్టి ఫ్రేము కొనాలనుకునేవాడికి అవకాశం ఉన్నది సరిగ్గా ఈ గందరగోళంలోనే. ఫ్యాషన్ వల్ల బాగా దిగి, అలసట వల్ల పెద్దగా దిగని ఫ్రేమును పట్టుకోగలిగితే లాభం కొన్నవాడిది. తిరగబడితే, అంటే కొత్త మోడలే గానీ రెండేళ్లలో నలిగిపోయిన ఫ్రేమును కొంటే, ఎక్కువ ధర పెట్టి తక్కువ ఆయుష్షు కొన్నట్టే.

ఫ్యాషన్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే తేలిగ్గా తేలిపోయేది అదే. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976లో ‘రీప్యాక్’ పందాలు మొదలైనప్పుడు అక్కడి కుర్రాళ్లు నడిపినవి పాత కాలపు బరువైన ష్విన్ సైకిళ్లు. కిందికి దిగేసరికి వెనక హబ్బులో గ్రీజు మాడిపోయేది. ఆ సైకిళ్ల చక్రం 26 అంగుళాలు. కొండ సైకిళ్లకు ఆ కొలతే సుమారు నలభై ఏళ్లు నిలిచింది. 2014 ప్రాంతంలో డౌన్‌హిల్ పందాల్లోకి 27.5 అంగుళాల చక్రం వచ్చింది. అది కుదురుకునే లోపే, 2017లో, సాంటా క్రూజ్ కంపెనీ జట్టు 29 అంగుళాల చక్రాలతో బరిలోకి దిగింది. ఆ ఏడాది స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియం ప్రపంచకప్ పోటీలో ఆ జట్టు రైడరు గ్రెగ్ మినార్ ఆ బైకు మీదే గెలిచాడు. 2019లో ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం పెట్టుకోవడానికి కూడా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకుంది. అంటే ఐదేళ్ల వ్యవధిలో రెండు తరాల ఫ్రేములు పాతబడిపోయాయి. వాటి అల్యూమినియానికి ఏమీ కాలేదు. బేరింగులు అవే, వెల్డింగులు అవే, సస్పెన్షన్ కదలిక అదే 200 మిల్లీమీటర్లు. మారింది కొనేవాళ్ల మనసు మాత్రమే. అందుకే 2014 నుంచి 2018 దాకా వచ్చిన 27.5 అంగుళాల అల్యూమినియం ఫ్రేములు ఇవాళ తక్కువ డబ్బుతో వెతికేవాడికి ముందుగా చూడదగ్గవి. ట్రెక్ సెషన్, జెయింట్ గ్లోరీ, కోనా ఆపరేటర్, కమెన్‌సాల్ సుప్రీమ్, వైటీ ట్యూస్ లాంటివి ఆ రోజుల్లో విరివిగా అమ్ముడైనవే. విరివిగా అమ్ముడవడం కూడా ఒక గుణమే. దాని సంగతి తర్వాత వస్తుంది.

చక్రం పెద్దదైతే నిజంగానే రాళ్ల మీద సాఫీగా దొర్లుతుంది కదా, దాన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేస్తే ఎలా అనవచ్చు. నిజమే, తేడా ఉంది. గడియారం పెట్టి కొలిచే పందెంలో ఆ తేడా సెకన్లుగా కనబడుతుంది, గెలుపోటములు తేలేదీ ఆ సెకన్లలోనే. మొదటి సీజన్లో మలుపు దగ్గర బ్రేకు ఎప్పుడు వదలాలో నేర్చుకుంటున్నవాడికి ఆ సెకన్లతో పని లేదు, బైకు విరక్కుండా సీజనంతా నిలబడటంతో పని. అయితే ఎంత పాతదైనా ఫర్వాలేదని కూడా అనకూడదు. 2000ల మధ్యలో వచ్చిన ఫ్రేములు చాలావరకు పొట్టిగా, ముందు ఫోర్కు నిటారుగా ఉంటాయి. నిటారు వాలులో రైడరు బరువు ముందు చక్రం మీదికి వచ్చేస్తుంది, పొడుగు మనిషికి మరీ ఇబ్బంది. ఇది ఫ్యాషన్ కాదు, రైడరు ముందుకు బోర్లా పడే ప్రమాదం. కాబట్టి ఎంత వెనక్కి వెళ్లవచ్చో ఒక హద్దు పెట్టుకోవాల్సిందే. 2010 తర్వాతి ఫ్రేముల్లో ఈ చిక్కు బాగా తగ్గింది.

ఇక అలసట. 19వ శతాబ్దంలో ప్రష్యాలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఏళ్ల తరబడి పరీక్షించి ఒక సంగతి తేల్చాడు. ఒక్కసారి హాయిగా మోయగల భారాన్నే లక్షలసార్లు మోయిస్తే లోహం విరుగుతుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచి తుంచే ప్రతివాడూ చేసేది ఆ పనే, కాకపోతే పది వంపుల్లో అయిపోతుంది. ఉక్కుకు ఒక వెసులుబాటు ఉంది. భారం ఒక హద్దు కింద ఉంటే దాదాపు ఎన్నిసార్లు మోసినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి దెబ్బా, ఎంత చిన్నదైనా, ఖాతాలో పడుతుంది. అలాగని ప్రతి అల్యూమినియం ఫ్రేమూ విరుగుతుందని అర్థం కాదు. తయారీదారు ట్యూబుల్ని మందంగా చేసి, ఒత్తిడి తక్కువ ఉండేలా చూస్తే ఆ ఖాతా నిండటానికి మనిషి జీవితకాలం కూడా చాలకపోవచ్చు. వెల్డింగ్ అతుకుల లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అతుకు దగ్గర ఒత్తిడి సగానికి తగ్గితే ఆయుష్షు రెట్టింపై ఆగదు, దాదాపు ఎనిమిది రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది. పావుకిలో బరువు ఎక్కువున్న ఫ్రేమును చూసి ముఖం చిట్లించే కొనుగోలుదారు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ పావుకిలో అతుకుల దగ్గర ఉంటే అది కొన్ని అదనపు సీజన్ల ఆయుష్షు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకోటి తెలుస్తుంది. ఒత్తిడి రెట్టింపు చేసే ఒక్క దెబ్బ మామూలు దెబ్బలు ఎనిమిదింటితో సమానం. గట్టు మీంచి ఎగిరి, అవతలి వాలు మీద దిగాల్సినవాడు కాస్త తక్కువ ఎగిరి అంచు మీదే ధబాలున పడితే రైడర్లు దాన్ని ‘కేస్ చేయడం’ అంటారు. ఫ్రేమును తినేసేది అదే. దానికి తోడు లిఫ్టు ఉన్న పార్కుల్లో బ్రేకు గుంతలు. వేల చక్రాలు ఒకేచోట బ్రేకు వేసి వేసి తవ్విన వరుస గుంతలవి. వాటి మీద వేగంగా దిగేటప్పుడు వెనక భాగానికి ఊపిరి సలపదు. పైకి తొక్కుకుంటూ వెళ్లి దిగేవాడు రోజుకు ఒకటి రెండుసార్లు దిగుతాడు. లిఫ్టు ఎక్కేవాడు పది సార్లు దిగుతాడు. ప్రతి దెబ్బా ఆయుష్షులో కొంత వాటా తినేస్తుందని, ఆ వాటాలు కూడుకుంటూ పోతాయని 1924లో పామ్‌గ్రెన్ అనే ఇంజనీరు బాల్ బేరింగుల విషయంలో, 1945లో మైనర్ అనే ఇంజనీరు విమాన భాగాల విషయంలో చెప్పారు. సైకిలు ఫ్రేముకూ అదే వర్తిస్తుంది. కాబట్టి ఐదేళ్లు అనే గీతకు అర్థం లేదు. విస్లర్ పక్కనే ఉండి సీజన్ పాసు కొనుక్కుని రోజూ దిగినవాడి రెండేళ్ల ఫ్రేము, ఏడాదికి నాలుగు వారాంతాలు మాత్రమే వెళ్లే ఉద్యోగి పదేళ్ల ఫ్రేముకన్నా ఎక్కువ అలసి ఉండవచ్చు. తయారైన సంవత్సరం ఫ్యాషన్ గురించి చెబుతుంది, అలసట గురించి కాదు. కంపెనీలు ల్యాబులో చేసే పరీక్షలూ ఇక్కడ ఆసరాకు రావు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఫ్రేము మీద పెడల్ భారాన్ని లక్షసార్లు మోపి చూస్తారు. ఆ పరీక్షకు వెళ్లేది కొత్త ఫ్రేము. మీ ముందున్నది కొత్తది కాదు.

అలాంటప్పుడు అలసటను ఎలా చదవాలి? పరిశీలన ఫ్రేమును తలకిందులు చేయడంతో మొదలు కావాలి, ఎందుకంటే అమ్మేవాడు ఫొటో తీసేది పైనుంచి. హెడ్ ట్యూబు అంటే ఫోర్కు దూరే ముందు గొట్టం. దానికి కింది నుంచి వచ్చి కలిసే లావు గొట్టం డౌన్ ట్యూబు. ఈ రెండూ కలిసేచోటికి బెత్తెడు వెనక, అడుగువైపున, వేలి కొసను నెమ్మదిగా రాయాలి. ముందు చక్రం ఎప్పుడైనా బండరాయికి ఎదురుగా గుద్దుకుని ఉంటే ఫోర్కు వెనక్కి నెట్టి ఆ చోటును నొక్కేస్తుంది. రంగు చెదరకపోవచ్చు, కంటికి ఆనకపోవచ్చు, వేలికి మాత్రం చిన్న ఉబ్బో ముడతో తగులుతుంది. అది తగిలిందంటే బేరం అక్కడితో ఆపేయడమే, ధర తగ్గించమని అడగడం కూడా అనవసరం. ట్యూబు మధ్యలో రాయి తగిలి పడిన నున్నటి చిన్న సొట్ట వేరు సంగతి. అంచులు పదునుగా లేకపోతే, అతుకుకు దూరంగా ఉంటే, దాన్ని చూపించి ధర తగ్గించుకోవచ్చు.

ఆ తర్వాత సబ్బునీళ్లు, గుడ్డ, టార్చి. తుడవకుండా చూడటం దండగ. బురద కింద పగులూ, గీతా ఒకేలా ఉంటాయి. టార్చిని ఎదురుగా కాకుండా ట్యూబుకు దాదాపు ఆనించి ఏటవాలుగా వేస్తే ఎత్తుపల్లాలు నీడలుగా తేలతాయి. చూడాల్సింది వెల్డింగ్ పొర ముగిసి ట్యూబు మొదలయ్యే సన్నటి అంచు. పగులు పుట్టేది ఎక్కువగా అక్కడే. గీత అయితే ఎటుపడితే అటు పోతుంది, పగులు అతుకును అంటిపెట్టుకుని పోతుంది. తుడిచినా దాని లోపల నల్లటి మురికి గీత మిగిలిపోతుంది, గోరుతో అడ్డంగా గీస్తే పట్టుకుంటుంది. వెనక కుదుపులు మింగే షాక్‌ను బిగించే చెవులు, పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ వెనక చైన్‌స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) మొదలు, షాక్‌ను వెనక భాగంతో కలిపే రాకర్ లింకు, సీటు గొట్టం పై అతుకు, వెనక ఇరుసు కూర్చునే డ్రాపౌట్లు, వీటన్నిటినీ అలా చూడాలి. ఇంకా అనుమానం ఉంటే ఇంజనీరింగ్ వర్క్‌షాపుల్లో వాడే డై పెనిట్రెంట్ స్ప్రే ఉంది. ఆ చోట రంగు గీకి, ఎర్ర ద్రవం చల్లి, కాసేపు ఆగి తుడిచి, పైన తెల్ల పౌడరు స్ప్రే చేస్తే పగుల్లో దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి ఉబికి వస్తుంది. తన ఫ్రేము రంగు గీకనిచ్చే అమ్మకందారు దాదాపు ఉండడు. గీకనివ్వని చోట అనుమానం తీరకపోతే ఆ అనుమానాన్నే తీర్పుగా తీసుకుని లేవడం మేలు. కొత్తగా రంగు వేయించిన పాత ఫ్రేము విషయంలో ఇది మరీ నిజం. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. యజమాని ముచ్చటపడే ఆ ఖర్చు పెట్టి ఉండవచ్చు, కానీ ఆ రంగు కొన్నేళ్ల సాక్ష్యాన్ని కప్పేసింది.

షాక్ విప్పకుండా ఫ్రేము కొనడం ముసుగులో గుద్దులాట. దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులు తీస్తే వెనక భాగం స్వేచ్ఛగా ఊగుతుంది. చేత్తో ఎత్తి వదిలితే మధ్యలో ఎక్కడా గరగరలాడకుండా, ఆగకుండా దిగాలి. డ్రాపౌట్లను పట్టుకుని పక్కలకు నెట్టినప్పుడు టక్కుటక్కుమంటే ఆ శబ్దం ఎక్కడిదో తేల్చాలి. షాక్ చివరల్లోని బుష్షులదైతే అది చాలా చిన్న ఖర్చు. నిజానికి పివట్లు (వెనక భాగం ఊగే కీళ్లు) పోయాయని భయపడి వదిలేసే ఫ్రేముల్లో కొన్నింటికి ఉన్న జబ్బు ఇంతే. పివట్ బేరింగులదైనా కంగారు లేదు. వాటి రబ్బరు మూత మీద నంబరు ఉంటుంది. 6902 అని ఉంటే లోపలి వ్యాసం 15, బయటి వ్యాసం 28, మందం 7 మిల్లీమీటర్లు. సియాటిల్ అయినా సికింద్రాబాద్ రాణీగంజ్ అయినా ఆ నంబరుకు ఆ కొలతే. పివట్టు పూర్తిగా తిరగదు, కొద్ది డిగ్రీలే ఊగుతుంది కాబట్టి లోపల గోళీలు నిండుగా ఉన్న రకం తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. భయపడాల్సింది మూడోదానికి. పాత బేరింగు తీసి కొత్తది పెట్టేటప్పుడు అది బొటనవేలితో నొక్కితేనే లోపలికి జారిపోయిందంటే ఫ్రేములోని గూడే సాగిపోయిందన్నమాట. పట్టు కోసం జిగురు పూసి కొన్నాళ్లు నెట్టుకొస్తారు గానీ ఆ గూడు మళ్లీ గుండ్రం కాదు. కాస్త తెలిసినవాడు కూడా ఇక్కడే మోసపోతాడు, ఎందుకంటే కొత్త బేరింగులు వేసి అమ్మే ఫ్రేములో ఈ లోపం నెల రోజుల దాకా బయటపడదు. బేరింగులు ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని అడిగితే తప్పేమీ లేదు.

పగులుంటే వెల్డింగ్ చేయిస్తే పోలేదా అనే ప్రశ్న మన దగ్గర మరీ సహజం. గేటు నుంచి ట్రాక్టరు దాకా వెల్డింగ్ చేసి నడిపే దేశం మనది. ఉక్కు ఫ్రేమైతే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. సైకిలు ఫ్రేముల్లో ఎక్కువగా వాడే 6061 అల్యూమినియంతో చిక్కు ఏమిటంటే దాని బలం లోహంలోనే కాదు, దానికి చేసిన వేడి చికిత్సలో కూడా ఉంది. ఫ్యాక్టరీలో ఫ్రేమంతా వెల్డింగ్ అయ్యాక కొలిమిలో 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేసి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. తర్వాత ఎవరైనా ఒకచోట వెల్డింగ్ చేస్తే ఆ అతుకు పక్కనున్న లోహం బలం దాదాపు సగానికి పడిపోతుంది. వెల్డింగ్ చేసినాయన పనితనం ఎంత గొప్పదైనా సరే. మొత్తం ఫ్రేమును తిరిగి కొలిమిలో పెట్టే సదుపాయం వీధి చివరి షాపులో ఉండదు. 7005 అనే రకం కొంత నయం, అది వెల్డింగ్ తర్వాత కొంత బలాన్ని తనంతట తానే తిరిగి పొందుతుంది. కానీ కొనేవాడికి ఏ రకమో ఖాయంగా తెలియాలి, ఎవరు ఎలా వెల్డింగ్ చేశారో తెలియాలి. అంత తెలుసుకునే తీరిక ఉన్నవాడు పగలని ఫ్రేమును వెతుక్కోవడానికే ఆ తీరిక వాడటం మంచిది.

ఇక కార్బన్. ‘విరిగిపోతుంది’ అని కార్బన్‌ను తోసిపుచ్చేవాళ్లు పొరబడుతున్నారు. సాంటా క్రూజ్ 2010లో తన డౌన్‌హిల్ మోడల్ వీ10ను కార్బన్‌లో తెచ్చింది. ఆ తర్వాత ప్రపంచకప్ పందాల్లో కార్బన్ మామూలైపోయింది. అదే కంపెనీ తన ల్యాబులో కార్బన్, అల్యూమినియం ఫ్రేములను పక్కపక్కన విరగ్గొట్టి చూపిన వీడియోలో ఎక్కువ భారం మోసింది కార్బనే. కంపెనీ సొంత ప్రచారమే గానీ ఇంజనీర్లు చెప్పేదానికి అది విరుద్ధం కాదు. అలసటను తట్టుకోవడంలో మంచి కార్బన్ అల్యూమినియంకన్నా మెరుగు. ఆ మాటను ఒప్పుకున్నాక కూడా, తక్కువ డబ్బుతో కొనేవాడికి అల్యూమినియమే తగినదని వాదించవచ్చు. కార్బన్‌ను చంపేది పదునైన దెబ్బ. రాయి తగిలిన చోట పైపొర బాగానే ఉండి లోపలి పొరలు విడిపోవచ్చు. నాణెంతో తట్టి, గణగణమనే చోట సరే, బొదబొదమనే చోట అనుమానం అని చూడటం ఉంది, అయితే అది పొరలు పల్చగా ఉన్నచోటే పనికొస్తుంది, అతుకుల దగ్గర కాదు. ఖాయంగా తేల్చాలంటే అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాలి, ఆ ఖర్చు చవకబేరాన్ని మింగేస్తుంది. అల్యూమినియం దాని కష్టసుఖాలను పైకే చెప్పుకుంటుంది. సొట్ట కనబడుతుంది, పగులు చాలాసార్లు రైడరుకు వారాల గడువు ఇస్తుంది. ‘ఎల్లప్పుడూ ఇస్తుంది’ అని మాత్రం రాయలేం. అందుకే సీజన్లో నెలకోసారైనా టార్చితో ఆ అతుకుల్ని చూడాలి. తెలియని చరిత్ర ఉన్న వస్తువును కొనేటప్పుడు ఎక్కువ బలమున్నదానికన్నా ఎక్కువ చదవగలిగేది మేలన్నదే ఇక్కడి వాదన. అమ్మేవాడు బాగా తెలిసిన మనిషై, ఆ ఫ్రేము తిన్న ప్రతి దెబ్బా చెప్పగలిగితే, కార్బన్ కూడా తప్పుడు బేరం కాదు.

ఇప్పుడు ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఫ్యాషన్ పోయినదాన్ని కొనమంటున్నారు, సరే, విడిభాగాలు దొరకకపోతే? ఇది నిజమైన అభ్యంతరం. ఫ్యాషన్ ముదిరితే కొన్నేళ్లకు అదీ ఒక రకం అరుగుదలే అవుతుంది. ఐరన్ హార్స్ సండే అనే ఫ్రేము ఇందుకు మంచి ఉదాహరణ. శాం హిల్ అనే రైడరు దాని మీదే 2007లో ఫోర్ట్ విలియంలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2009లో కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత దాని లింకులు, ప్రత్యేకమైన బోల్టులు పాడైతే యజమాని గతి ఎవరి షెడ్డులోనో మిగిలిన ముక్కలు వెతుక్కోవడమే. పందెంలో గెలిచిన ఫ్రేము కదా గట్టిదే అయ్యుంటుందనే నమ్మకానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. పందెపు జట్టు తన ఫ్రేమును సీజను గడిస్తే చాలనుకుంటుంది, పదేళ్ల సంగతి దానికి పట్టదు. విరివిగా అమ్ముడైన మోడల్ మేలని ముందు చెప్పింది ఇందుకే. గేర్లు మార్చే డిరైలర్ వేలాడే చిన్న ముక్కకు డిరైలర్ హ్యాంగర్ అని పేరు. పడినప్పుడల్లా వంగిపోయేది అదే, మోడల్ మోడల్‌కు ఆకారం మారేది కూడా అదే. బేరం ఆడే ముందు ఆ హ్యాంగరు ఇంకా అమ్ముతున్నారో లేదో చూసుకుంటే ఆ ఫ్రేముకు ఇంకా ఎంత భవిష్యత్తు ఉందో తెలిసిపోతుంది.

మిగతా కొలతల్లో చాలావరకు భయపడినంత చిక్కు లేదు. పాత డౌన్‌హిల్ ఫ్రేముల వెనక హబ్బు వెడల్పు 150 మిల్లీమీటర్లు, తర్వాతి వాటిది 157. రెండూ దాదాపు ఒకటే, చాలా హబ్బులకు చివరి టోపీలు మారిస్తే అటునుంచి ఇటు సరిపోతాయి. ఫోర్కు గొట్టం విషయంలో లావు మొదలున్న టేపర్డ్ రకానికే కాలం అని దుకాణాల్లో చెబుతారు. అది ఒంటి కిరీటం ఫోర్కులకు (కిరీటం అంటే ఫోర్కు కాళ్లను పట్టి ఉంచే అడ్డ ముక్క). బాక్సర్, ఫాక్స్ 40 లాంటి జంట కిరీటం డౌన్‌హిల్ ఫోర్కులు ఎన్నో ఏళ్లుగా 1⅛ అంగుళాల తిన్నటి గొట్టంతోనే వస్తున్నాయి, కాబట్టి పాత ఫ్రేముకు ఆ వంకతో ధర తగ్గించి చెబితే సంతోషంగా ఒప్పుకోవచ్చు. 2016లో షాక్ కొలతల పద్ధతి మారింది. పాత కొలత షాకులు ఇంకా దొరుకుతున్నా ఎంపిక తగ్గుతోంది. అందుకని షాక్ లేకుండా ఫ్రేము ఒక్కటే చవగ్గా అమ్మితే మురిసిపోకూడదు. 26 అంగుళాల టైర్లు ఇంకా తయారవుతున్నాయి, మ్యాక్సిస్ మినియన్ ఆ సైజులో ఇప్పటికీ దొరుకుతుంది. కానీ ఆ సైజు మంచి ఫోర్కు, మంచి చక్రాలు వెతకడం రానురాను కష్టమవుతుంది. 26ను ఎవరైనా దాదాపు ఊరికే ఇస్తే తీసుకోవచ్చు, డబ్బు పెట్టి కొనేటట్లయితే 27.5 దగ్గర ఆగడమే తెలివి.

ఫ్రేము ఒక్కటే కొనడమెందుకు, పాత బైకు మొత్తంగా కొంటే పోలా అని అడిగితే, చాలాసార్లు అదే చవక అని ఒప్పుకోవాలి. ఫోర్కు, బ్రేకులు, చక్రాలు, క్రాంకు విడివిడిగా కొంటే అవి ఫ్రేము ధరను ఎప్పుడో దాటేస్తాయి. ఫ్రేము విడిగా కొనడం లాభసాటి అయ్యేది మీ దగ్గర ఇప్పటికే ఆ సామాను ఉన్నప్పుడు, లేదా పగిలిన ఫ్రేము నుంచి అది విప్పినప్పుడు. అలాగే 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ అందరికీ కావాలనీ కాదు. లిఫ్టు లేని చోట అది గుదిబండ. వికారాబాద్ అనంతగిరి దారుల్లో తొక్కాలనుకునేవాడు, సెలవులకు ఊరొచ్చేటప్పుడు అమెరికా నుంచి ఇలాంటి ఫ్రేము పట్టుకొస్తే ఎక్కేటప్పుడు తిట్టుకుంటాడు. ఇక్కడి వాదనంతా లిఫ్టు దగ్గర్లో ఉండి, నిటారు కొండల మీద దిగేవాడి కోసమే.

అమ్మకానికి పెట్టే కాలం కూడా ధరను నిర్ణయిస్తుంది. ఉత్తర అమెరికా పార్కుల్లో లిఫ్టులు శరదృతువులో బైకులకు ఆగిపోతాయి. షెడ్డులో స్కీలకు చోటు కావాలి, వసంతానికి కొత్త మోడల్ కావాలి. వేసవిలో పట్టుబట్టిన ధర అక్టోబరు దాటేసరికి మెత్తబడుతుంది. అద్దెకు తిరిగిన బైకులు కూడా ఆ రోజుల్లోనే బయటికి వస్తాయి. వాటిని చూసి జనం పారిపోతారు గానీ తొందరపడక్కర్లేదు. రోజూ తిరిగిన మాట నిజమే. అయితే వాటిని నడిపిన వాళ్లలో ఎక్కువమంది నెమ్మదిగా దిగే కొత్తవాళ్లు, బేరింగులు చూసేది మెకానిక్కు, లెక్కలు రాసి ఉంటాయి. ఎలా నడిపాడో తెలియని ఒక యజమానికన్నా ఆ లెక్కల పుస్తకం నయం. ఏ దారైనా, బాటమ్ బ్రాకెట్ అడుగున చెక్కిన సీరియల్ నంబరు చూసి బైక్ ఇండెక్స్, ప్రాజెక్ట్ 529 లాంటి రిజిస్టర్లలో దొంగసొత్తు కాదని సరిచూసుకోవాలి, కంపెనీ ఆ మోడల్‌ను వెనక్కి పిలిచిందేమో చూడాలి. కొత్తగా కొన్న మొదటి యజమానికి ఉన్న వారంటీ సాధారణంగా రెండోవాడికి రాదు కాబట్టి రసీదు మీద పెద్ద ఆశ పెట్టుకోనక్కర్లేదు, కానీ రసీదు ఉన్నవాడు వస్తువును కాస్త జాగ్రత్తగా చూసుకుని ఉంటాడు. ఫోనులో మాట్లాడేటప్పుడే షాక్ విప్పి చూస్తానని చెప్పేయడం మంచిది. పది నిమిషాల పని అది. సరే రండి అనేవాడి దగ్గరికి వెళ్లవచ్చు. అంత అవసరమా అని సణిగేవాడి ఊరికి వంద మైళ్లు కారు నడపడం దేనికి?